నేల నిండా ఎరువు, మొక్కకు పస్తు: ఒక మొక్కజొన్న పొలం కేసు

“సార్, భూమి నిండా ఎరువే ఉంది, మొక్కేమో పస్తులున్నట్టు కనిపిస్తోంది.” ఫోన్ చేసిన రైతు చెప్పిన మొదటి మాట ఇది. మొక్కజొన్న విత్తి 24 రోజులైంది. ఈపాటికి ముదురాకుపచ్చగా కమ్ముకోవాల్సిన పైరు లేత పసుపుగా, ఒకచోట జానెడు, ఇంకోచోట మూరెడు, ఎగుడుదిగుడుగా ఉంది. గట్టుకు అవతల ఉన్నదీ ఆయన పొలమే. అదే విత్తనం, అదే రోజు విత్తారు, అక్కడ పైరుకు ఏ ఢోకా లేదు. కనిపించే తేడా ఒక్కటే, ఈ మడిలో ఆఖరి దుక్కికి ముందు హెక్టారుకు 20 టన్నుల లెక్కన పశువుల ఎరువు తోలించారు, ఆ మడిలో తోలలేదు.

ఎరువు వేసిన చోట పైరు దెబ్బతిని, వేయని చోట బాగుంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. ఈ కేసు రాయడానికి అదొక కారణం. రెండోది, ఇందులో నేను చేసిన తప్పు ఒకటుంది, అది నాలాగే పొలాల వెంట తిరిగేవాళ్లకు పనికొస్తుంది. రైతును గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను.

పొలం సంగతి

బంకమన్ను పాలు ఎక్కువున్న బరువు నేల, పీహెచ్ (పులుపా క్షారమా చెప్పే కొలత) 8.2, అంటే క్షార నేల. విత్తే ముందు తీయించిన మట్టి పరీక్ష కాగితం రైతు దగ్గర ఉంది. సేంద్రియ కర్బనం 0.9 శాతం, ఓల్సెన్ అనే పరీక్ష పద్ధతిలో భాస్వరం 28 పీపీఎం (పది లక్షల పాళ్లలో 28 పాళ్లు), పొటాష్ కావలసినంత, డీటీపీఏ అనే ఇంకో పద్ధతిలో జింకు 0.7 పీపీఎం. జింకు ఒక్కటే లోపానికీ సరిపోవడానికీ మధ్య గీత మీద ఉంది. మిగతావి చూస్తే ఎవరైనా “మంచి నేల” అనే అంటారు, నేనూ అన్నాను.

తోలిన ఎరువు గురించి మొదటిరోజే అడగాల్సింది, అడగలేదు. తర్వాత తెలిసిందేమిటంటే, పశువుల కింద పడకకి రంపపు పొట్టు పరుస్తారు, ఆ పొట్టూ పేడా మూత్రమూ కలిసినదాన్ని మూడు వారాలకోసారి ఎత్తి పక్కన పోస్తారు, ఆ పోగే నేరుగా పొలానికి వచ్చింది. మాగబెట్టలేదు. అందులో హెక్టారుకు 80 కిలోల నత్రజని వస్తుందని లెక్కేసుకుని రైతు ఆ మడికి రసాయన నత్రజని సగానికి తగ్గించారు. కాగితం మీద చూస్తే ఆ లెక్కలో తప్పేమీ లేదు.

నేను వెళ్లేసరికే ఆయన రెండు పనులు చేసి చూశారు. పులియబెట్టిన సేంద్రియ ద్రావణం రెండుసార్లు మొదళ్లలో పోశారు, అమైనో ఆమ్లాలు ఉన్నాయని రాసిన ద్రవ ఎరువును హెక్టారుకు 2 లీటర్ల చొప్పున ఆకుల మీద కొట్టారు. మార్పు లేదు. “సేంద్రియం అయితే మొక్క నేరుగా తింటుందని చెప్పారండీ” అన్నారు.

ఈ మాట చాలాసార్లు వింటాను కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మొక్కలు నేలలోని హ్యూమస్‌నే, అంటే చివికిన సేంద్రియ పదార్థాన్నే, నేరుగా తిని బతుకుతాయని రెండువందల ఏళ్ల కిందట యూరప్‌లో పండితులు కూడా నమ్మేవాళ్లు. 1820ల్లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ స్ప్రెంగెల్ దాన్ని కాదని, మొక్క బలమంతా నేలలోని ఖనిజ లవణాల్లో ఉందన్నాడు. 1840 నుంచి ఇంకో జర్మన్ శాస్త్రవేత్త లీబిగ్ అదే మాటను ఊరూవాడా తెలిసేలా చేశాడు. ఆ తర్వాత తేలిందేమిటంటే పాత నమ్మకం పూర్తిగా గాలికబురు కూడా కాదు. వేరు పొరల్లో అమైనో ఆమ్లాలను లోపలికి మోసే ప్రొటీన్లు ఉన్నాయి, యూరియాను అలాగే మోసేవీ ఉన్నాయి. చలి ప్రాంతాల్లో, ఎరువు ఎరగని నేలల్లో పెరిగే మొక్కలకు ఈ దారి ముఖ్యమే. కానీ సాగుచేసే పొలంలో పైరు తీసుకునే నత్రజనిలో అత్యధిక భాగం నైట్రేట్, అమ్మోనియం రూపాల్లోనే వెళ్తుంది. పేడలోని ప్రొటీను ముందు సూక్ష్మజీవులకు ఆహారమై, వాటి అవసరం తీరాక మిగిలినదే అమ్మోనియంగా బయటపడి, దాన్ని మరో రకం బ్యాక్టీరియా నైట్రేటుగా మార్చితే, అప్పుడు వేరు వంతు వస్తుంది. “నేరుగా” అన్న మాట చెప్పినవాళ్లు మధ్యలో ఉన్న ఈ వరుసనంతా మింగేశారు.

ఇక ఆ స్ప్రే సంగతి. అందులో నత్రజని 8 శాతం ఉన్నా, 2 లీటర్లంటే సుమారు 160 గ్రాములు. బాగా ఎదిగే దశలో మొక్కజొన్న రోజుకు హెక్టారుకు 3, 4 కిలోల నత్రజని లాగేస్తుంది. ఏనుగు ముందు గుప్పెడు మరమరాలు పోసినట్టు. రైతుకు ఈ లెక్క వేసి చూపిస్తే ఆయనే నవ్వేశారు.

నేను బోల్తా పడ్డ చోటు

కింది ఆకుల అంచుల్లో అక్కడక్కడా ఊదారంగు కనిపించింది. మొక్కజొన్నలో ఊదా అంటే భాస్వరం, చదువుకున్నప్పటి నుంచీ తలలో ముద్ర పడిపోయిన విషయం. కాగితంలో భాస్వరం ఎక్కువని ఉంది నిజమే, కానీ పీహెచ్ 8.2 కదా, కాల్షియంతో కట్టుబడిపోయి ఉంటుంది, మొక్కకు అందట్లేదు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సాళ్ల పక్కన భాస్వరం ఎరువు సూపర్ ఫాస్ఫేట్ వేసి తడి ఇవ్వమన్నాను.

పది రోజులు గడిచాయి. పైరు రంగు మారలేదు సరికదా, కొత్తగా వచ్చే ఆకుల మొదట్లో నడిమి ఈనెకు రెండు పక్కలా తెల్లటి పట్టీలు మొదలయ్యాయి. అది జింకు లోపం, అందులో అనుమానం లేదు.

ఆ రాత్రి కూర్చుని నా తర్కాన్ని మళ్లీ చూసుకుంటే రెండు బొక్కలు కనిపించాయి. ఓల్సెన్ పద్ధతిని 1954లో తీసుకొచ్చిందే ఇలాంటి సున్నపు, క్షార నేలల కోసం. అంటే కాల్షియంతో బిగుసుకున్నది పోను వేరుకు చిక్కగలిగే భాగాన్నే అది దాదాపుగా కొలుస్తుంది, నేను మళ్లీ దాంట్లోంచి “కట్టుబడింది” అని తీసేయడం ఒకే అప్పుకు రెండుసార్లు వడ్డీ కట్టినట్టయింది. రెండో బొక్క ఇంకా పెద్దది. భాస్వరం నేలలో నడవదు. పోషకాలు వేరు దాకా ఎలా వస్తాయో 1962లో నేల శాస్త్రవేత్త స్టాన్లీ బార్బర్ విడమర్చి చెప్పాడు. మొక్క నీళ్లు పీల్చినప్పుడు ఆ ప్రవాహంతో పాటు కొట్టుకొచ్చేవి కొన్ని, నైట్రేట్, కాల్షియం, మెగ్నీషియం ఆ జాబితాలోవి. చిక్కదనం ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి మెల్లగా జరుగుతూ వచ్చేవి మరికొన్ని, భాస్వరం, పొటాష్, జింకు ఈ రకం. వేరు ఎదుగుతూ వెళ్లి స్వయంగా తగిలేది చాలా కొద్ది, ఎందుకంటే వేళ్లన్నీ కలిపినా పై మట్టి ఘనపరిమాణంలో ఒక శాతం అటూ ఇటూ మించవు. భాస్వరం ఒక పంట కాలంలో జరిగేది కొన్ని మిల్లీమీటర్లే. నేను పైన వేయించింది పైనే పడి ఉంది. వేరు చుట్టూ మిల్లీమీటరు మేర ఖాళీ అయిపోతే, ఆ అవతల ఎంత ఉన్నా వేరుకు లేనట్టే. ఆ ఖాళీని దాటించేవి మూలకేశాలు (వేరు మీది సన్నటి నూగు), వేళ్లతో కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రపు దారాలు. భాస్వరం మరీ ఎక్కువైతే మొక్క ఆ శిలీంధ్రానికి ఆహారం ఇవ్వడం తగ్గించేస్తుంది, దాంతో జింకు రాక కూడా పడిపోతుంది. తెల్ల పట్టీలకు నా సూపర్ ఫాస్ఫేటే మొత్తం కారణమని అనను, జింకు ముందే గీత మీద ఉంది. మేలు మాత్రం చేసి ఉండదు.

రైతుకు ఫోన్ చేసి “నేను చెప్పింది తప్పండీ, రేపు పారతో వస్తాను” అన్నాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది, “పర్లేదు సార్” అన్నారు, అది ఇంకా కష్టంగా అనిపించింది.

పారతో వెళ్లిన రోజు

రెండు మడుల్లోనూ తవ్వాలని ముందే అనుకున్నాను, ఎందుకంటే జబ్బు మడిలో మాత్రమే తవ్వితే కనిపించిన ప్రతిదీ కారణంలాగే తోస్తుంది. మొక్క చుట్టూ 30 సెంటీమీటర్లు వదిలి, 40 సెంటీమీటర్ల లోతున గడ్డ తీసి, రాత్రంతా బకెట్లో నానబెట్టి, పొద్దున మెల్లగా కడిగాం.

జబ్బు మడిలో వేళ్లు 17 సెంటీమీటర్ల దగ్గర గోడకు తగిలినట్టు పక్కకు తిరిగి అడ్డంగా పాకాయి. గుంత పక్క గోడలో కత్తి గుచ్చుకుంటూ వస్తే సరిగ్గా అక్కడే దిగలేదు. ఏటా అదే లోతున దున్నితే ఏర్పడే గట్టిపొర. “దొరికింది సార్!” అన్నారు రైతు. నాకూ అలాగే అనిపించింది, కానీ బాగున్న మడిలోనూ దాదాపు అదే లోతున అదే పొర ఉంది, అక్కడా వేళ్లు వంగే ఉన్నాయి. కాబట్టి గట్టిపొర రెండు మడులకూ ఉన్న కష్టమే, ఒక్క మడే పసుపెక్కడానికి అది జవాబు కాదు. పక్క మడిలో తవ్వకపోయి ఉంటే ఇక్కడ రెండోసారి బోల్తా పడేవాణ్ణి.

తేడా ఇంకోచోట కనిపించింది. జబ్బు మడిలో తవ్విన గడ్డ నిండా రంపపు పొట్టు ఉండలు, వాటిని విడదీస్తే తెల్లటి బూజు దారాలు, అంటే సూక్ష్మజీవులు జాతర చేసుకుంటున్నాయి. రెండు మడుల మట్టినీ శుద్ధి చేసిన నీళ్లలో కలిపి, తేర్చి, నైట్రేట్ చూపించే కాగితపు పట్టీ ముంచాను. బాగున్న మడి పట్టీ చక్కగా గులాబీ రంగుకు తిరిగింది. జబ్బు మడిది తెల్లగానే ఉండిపోయింది.

అప్పుడు వేసిన ఉజ్జాయింపు లెక్క ఇది. 20 టన్నుల్లో సగం తేమ పోతే 10 టన్నుల పొడి పదార్థం, అందులో 40 శాతం కర్బనం అంటే 4,000 కిలోలు. నత్రజని 80 కిలోలు. కర్బనానికీ నత్రజనికీ నిష్పత్తి 50:1. ఈ సీజన్లో కర్బనంలో 40 శాతం, అంటే 1,600 కిలోలు చివికిందనుకుందాం, ఆ భాగం నుంచి బయటపడే నత్రజని 32 కిలోలు. సూక్ష్మజీవులు ఆ కర్బనంలో రెండు వంతులు ఊపిరిగా వదిలేసి ఒక వంతుతో ఒళ్లు పెంచుకుంటాయి, సుమారు 530 కిలోలు. వాటి ఒంట్లో కర్బనం ఎనిమిది పాళ్లకు నత్రజని ఒక పాలు ఉండాలి, అంటే 66 కిలోలు కావాలి. ఎరువులోంచి దొరికింది 32. మిగతా 34 కిలోలు ఎక్కడి నుంచి తెస్తాయి? పైరుకని వేసిన దాంట్లోంచే. వాటి సంఖ్య ముందు వేళ్లు పోటీకి నిలవలేవు. 25:1కి అటూ ఇటూ ఉండే మాగిన ఎరువుకైతే ఈ గొడవ పెద్దగా ఉండదు. ఆయన 80 కిలోల జమ రాసుకున్న చోట నిజానికి 34 కిలోల ఖర్చు ఉంది, పైగా రసాయన నత్రజని సగం కోసేశారు.

ఊదారంగు సంగతి కూడా దీంతోనే విడిపోయింది. ఎదుగుదల ఆగినప్పుడు ఆకుల్లో చక్కెరలు పేరుకుని, ఏ కారణంతో ఆగినా సరే, ఊదా ఛాయ రావచ్చు. కింది ఆకుల కొసల నుంచి నడిమి ఈనె వెంట లోపలికి పాకుతున్న పసుపును, అంటే నత్రజని లోపపు అసలు గుర్తును, నేను మొదటిరోజే చూసి కూడా పక్కన పెట్టాను.

మందుకు ముందు చిన్న పరీక్ష

ఈసారి పొలం మొత్తం మీద పందెం కాయదలచుకోలేదు. ఆరేసి సాళ్ల చొప్పున నాలుగు పట్టీలు గీశాం. ఒకదానికి వట్టి తడి, ఒకదానికి జింకు స్ప్రే మాత్రమే, ఒకదానికి కాల్షియం నైట్రేట్ మాత్రమే, ఒకదానికి రెండూ. జింక్ సల్ఫేట్ 0.5 శాతం, ఆకు మాడకుండా అందులో సగం సున్నం కలిపి, ఎండ తగ్గాక కొట్టాం. జింకును నేలలో ఎందుకు వేయలేదంటే, ఆ పీహెచ్‌లో, ఎదుగుతున్న పైరు మధ్య, పైన చల్లిన జింకు వేరు దాకా జరిగేలోపు పంట అయిపోతుంది. కాల్షియం నైట్రేటే ఎందుకంటే నైట్రేట్ నీటితో పాటు కదిలి వేరు దగ్గరకు అదే వెళ్తుంది, ఎవరూ మార్చిపెట్టక్కర్లేదు.

ఎనిమిదో రోజుకు జవాబు కళ్లముందుంది. జింకు ఒక్కటే పడ్డ సాళ్లలో కొత్త ఆకుల్లో తెల్ల పట్టీలు పోయాయి, కానీ మొక్క మొత్తంగా పసుపే. నైట్రేట్ సాళ్లు పచ్చబడ్డాయి, కొత్త ఆకుల్లో పట్టీలు మాత్రం సన్నగా ఉన్నాయి. రెండూ పడ్డ సాళ్లు గట్టు మీద నుంచే వేరుగా కనిపించాయి.

దాన్ని బట్టి మడి మొత్తానికి 40 కిలోల నత్రజని నైట్రేట్ రూపంలో, జింకు స్ప్రే పది రోజుల తేడాతో రెండుసార్లు. పదిహేను రోజులకు ఇంకో 30 కిలోలు ఇద్దామనుకున్నప్పుడు రూపం మార్చాను, అమ్మోనియం సల్ఫేట్, సాలు పక్కన గాడి తీసి వేసి మట్టి కప్పి. ఇక్కడి ఆలోచన కొంచెం లోతైనది. వేరు పైపొర కణాలు శక్తి ఖర్చుపెట్టి హైడ్రోజన్ అయాన్లను (పులుపు పుట్టించే, విద్యుదావేశం ఉన్న కణాలను) బయటికి తోస్తూ ఉంటాయి, దాంతో పుట్టే విద్యుత్ తేడాతోనే పోషకాలను లోపలికి లాక్కుంటాయి. నైట్రేట్ ఒక్కటి లోపలికి రావాలంటే దాంతో పాటు ఒకటికి మించి హైడ్రోజన్ అయాన్లు తిరిగి లోపలికి వస్తాయి, అందుకే నైట్రేట్ తాగే వేరు చుట్టూ పీహెచ్ పెరుగుతుంది. అమ్మోనియం తాగితే దీనికి తిరగబడి వేరు చుట్టూ పుల్లబడుతుంది. 8.2 ఉన్న నేలలో వేరు చుట్టూ ఆ మిల్లీమీటరు మేర పుల్లబడినా జింకు, భాస్వరం కరిగి అందడం పెరుగుతుంది. ముందు ఆకలి తీర్చడానికి నైట్రేట్, తర్వాత తలుపు తీయడానికి అమ్మోనియం. మట్టి కప్పమన్నది ఎందుకంటే క్షార నేలలో పైన వదిలేస్తే అమ్మోనియా గాలిలో కలిసిపోతుంది.

తడుల దగ్గర కాస్త వాదన జరిగింది. పైరు నీరసంగా ఉందని ఆయన నాలుగు రోజులకోసారి నిండా పారిస్తున్నారు. గట్టిపొర మీద నీరు నిలిచి వేళ్లకు ఊపిరాడట్లేదు. ఆ అయాన్లను తోసే పనికి ఇంధనం కావాలి, ఇంధనానికి ప్రాణవాయువు కావాలి, కాబట్టి నీట మునిగిన వేరు పోషకాల మధ్య కూర్చుని కూడా తినలేదు. పైగా గాలి లేని చోట నైట్రేట్ వాయువై ఎగిరిపోతుంది. పదును చూసుకుని, వేళ్లున్న లోతులో మట్టి ముద్ద కట్టి విరిగే దశకు వచ్చాకే పారించమన్నాను. వారం రోజులు ఆయనకు టెన్షనే, పైరు ఎండిపోతుందేమోనని. ఎండలేదు.

తర్వాత

ఆ మడి దిగుబడి పక్క మడిలో ఐదింట నాలుగు వంతులకు వచ్చి ఆగింది. మొదటి నలభై రోజుల్లో మొక్కజొన్న కంకి సైజు చాలావరకు తేలిపోతుంది, ఆ నష్టాన్ని ఏ మందూ పూడ్చలేదు. నా సూపర్ ఫాస్ఫేట్ తినేసిన పది రోజులు కూడా అందులో ఉన్నాయి.

కోత అయ్యాక నేల బాగా ఎండిన సమయం చూసి గట్టిపొరను లోతు దుక్కితో పగలగొట్టించాం. తడిగా ఉన్నప్పుడు చేస్తే పగలదు, కోసుకుపోయి ఇంకా బిగుసుకుంటుంది. రంపపు పొట్టు ఎరువును ఇప్పుడు నాలుగు నెలలు పోగేసి, తేమ చూసుకుంటూ తిరగేస్తూ మాగబెడుతున్నారు. రెండో సీజన్లో అదే మడిలో తవ్వితే వేళ్లు 40 సెంటీమీటర్లు దాటి వెళ్లాయి.

విత్తిన నాలుగో వారంలో మళ్లీ నైట్రేట్ పట్టీ ముంచాను. ఈసారి ఆ మడిదే పక్క మడికన్నా ముదురు గులాబీ, నిరుడు సూక్ష్మజీవులు దాచుకున్నది అవి చచ్చి విడుదలవుతోంది. పైపాటు నత్రజనిలో మూడో వంతు తగ్గించమన్నాను. ఆయన నా వంక అనుమానంగా చూసి, “సగం తగ్గించి ఒకసారి దెబ్బ తిన్నాను సార్, నాలుగు సాళ్లకు మాత్రం పూర్తిగా వేసి చూస్తాను” అన్నారు. అలాగే వేశారు. ఆ నాలుగు సాళ్లకూ మిగతా వాటికీ కోత దాకా తేడా కనపడలేదు.